మేడ మీది టెలిస్కోపుకి ఎంత కంప్యూటరు కావాలి?

టెలిస్కోపుతో ఫోటోలు తీద్దామనుకునే మిత్రులు మొదట అడిగేది "ప్రాసెసర్ ఏది కొనాలి?" అని. నన్నడిగితే అది ఆఖర్న అడగాల్సిన ప్రశ్న.

లెక్క చూడండి. 26 మెగాపిక్సెళ్ళ కెమెరా ఒక్కో ఫ్రేముకి దాదాపు 52 ఎంబీ ఇస్తుంది. 5 నిమిషాల ఎక్స్‌పోజరైతే గంటకి 12 ఫ్రేములే. వాటిని దాచుకోవడం, గైడింగ్ చూసుకోవడం, రాత్రంతా ఆ డబ్బా పని ఇంతే. స్టాకింగ్ మర్నాడు ఇంట్లో పెద్ద కంప్యూటర్లో తీరిగ్గా చేసుకోవచ్చు.

కేస్టార్స్, ఎకోస్ వాడేవాళ్ళకి రాస్ప్‌బెర్రీ పై చాలు. నినా కావాలంటే విండోస్ తప్పదు, అప్పుడు ఇంటెల్ ఎన్100 మినీ పీసీ చూడండి. పై 5 కి 5 వోల్టుల దగ్గర 5 ఆంపియర్లు కావాలి, బ్యాటరీకి కన్వర్టర్ తగిలించాలి. మినీ పీసీల్లో 12 వోల్టులవీ ఉన్నాయి, 19 వోల్టులవీ ఉన్నాయి. 12 ది తీసుకుంటే మౌంటు బ్యాటరీతోనే నడిచిపోతుంది.

నేను కక్కుర్తిపడింది మాత్రం మెమరీ కార్డు దగ్గర. చవగ్గా వచ్చిందని కొన్నా. మూడు గంటల ఓరియన్ నెబ్యులా ఫ్రేములతో సహా చచ్చింది!

అందుకే చెప్తున్నా, మిగిలిన డబ్బులు ఎస్సెస్డీకి పెట్టండి. ప్రాసెసర్ నెమ్మదైతే పోయేది నిమిషం. కార్డు పోతే రాత్రే పోతుంది. అమావాస్య నెలకొకటే కదా, అదీ మబ్బు లేకపోతే.