సముద్రపు నాచు – మన కందికట్టె

సముద్రపు నాచునుండి పెట్రోలునకు మారుగా ఇంధనము తీయవచ్చునను మాట నేడు తఱచుగా వినవచ్చుచున్నది. సముద్రమెఱుగని వికారాబాదు, తాండూరు రైతులకు దీనితో నేమి పని యని సభ్యులడుగవచ్చును. నాచు మన పొలమున పెరగకపోయినను, దానినిబట్టి మనము నేర్వదగిన దొకటి కలదని మా యభిప్రాయము.

నాచునకు భూమి యక్కఱలేదు, మంచినీ రక్కఱలేదు. దానిని పులియబెట్టి ఇథనాలును, మురుగబెట్టి మండెడు వాయువును తీయవచ్చును. కాని పచ్చినాచులో నూటికి 80 పాళ్లకు పైగా నీరే. దాని నెండబెట్టుటకగు వ్యయ మధికము. తమిళనాడులో మండపము తీరమున పెంచెడు నాచు జిగురు పదార్థములకును, ఎరువులకును అమ్ముడగుచున్నది గాని ఇంధనమునకు గాదు.

అయినను తిండిగింజల భూమి నాక్రమింపని ఇంధనమే మేలను సూత్రము గట్టిది. 2003లో ప్రణాళికా సంఘపు నివేదిక జట్రోఫా యను అడవియాముదమును విరివిగా నాటుమని చెప్పగా, దేశమున పలుచోట్ల నాటిరి. అనుకొన్న దిగుబడి రాలేదు. అట్టి యాశకు మన నల్లరేగడి నప్పగింపరాదు.

మన యింధనము మన చేనిలోనే యున్నది. తాండూరు కందికి 2022లో భౌగోళిక గుర్తింపు లభించినది. గింజకు పేరు వచ్చినది గాని కట్టెకు విలువ రాలేదు. నూర్పిడి కాగానే కొంత పొయ్యికి పోవును. మిగిలినది గట్లమీద తగులబెట్టుదుము. బొగ్గుతో నడచు విద్యుత్కేంద్రములలో నూటికి 5 పాళ్లు పైరుల వ్యర్థపు గుళికలు కలుపవలెనని 2021లో కేంద్రప్రభుత్వము నిర్ణయించెను. తాండూరు చెంతనే సిమెంటు కార్ఖానాలును గలవు. వాని కొలుములలోను ఇట్టి కట్టెను మండింపవచ్చును.

అయితే మూడు కట్టుబాట్లు వలయును. మొదటిది, రాలిన యాకును, వేరును నేలకే విడువవలెను, అవి భూసారము. రెండవది, కూలిజనుల పొయ్యికి వలయు కట్టెను ముందుగా విడిచి, మిగులును మాత్రమే అమ్మవలెను. పేదల పొయ్యి నార్పి కార్ఖానా కొలిమి రగిలించుట న్యాయము గాదు. మూడవది, ఒంటరిగా చేనిలోనే దళారికి బండి కింతయని యమ్మక, సంఘము ద్వారా తూచి, కుప్పవేసి, ధర నిర్ణయించుకొని యమ్మవలెను.

కట్టెను ముక్కలుచేయు యంత్రమును ఒక్కడు కొనజాలడు, పదిమంది కొనగలరు. సంఘ మేర్పడినది ఇందులకే గదా! రాబోవు సర్వసభ్య సమావేశమున ఈ విషయమును చర్చించి, కంది కోతకు ముందే నిర్ణయము గైకొందురుగాక యని కోరుచున్నాము.