ఊరి నడుమ ఖాళీ జాగా ఎవరికోసం?

పాత వీధిలో కొత్త ఇల్లు ఇమడాలంటే ఎత్తు ఎంతుండాలి, వాకిలి రోడ్డుకెంత దూరముండాలి అని ఇంజనీర్లు లెక్కలేస్తారు. మా ముత్తుకూరు ప్రాంతంలో ఆ లెక్కలకంటే ముందు ఇంకో లెక్క చూస్తారు: కట్టేవాడి కులమేంది?

పాత వీధుల్లోకి పోయి చూడండి. ఆసాములు నెల్లూరుకో, చెన్నైకో పోయినారు. మిద్దెలు కూలి మొండిగోడలు మిగిలాయి. కంప మొలిచింది. 2008లో కృష్ణపట్నం ఓడరేవు మొదలైంది. తర్వాత నేలటూరులో థర్మల్ కేంద్రం వచ్చింది. పాడుబడ్డ జాగాలకు రేటొచ్చింది. ఎక్కడెక్కడి వాళ్ళో వచ్చి కొన్నారు. పెంకుటిళ్ళ మధ్య మేడలు లేచాయి. పక్కింటికి గాలి ఆగినా, వెలుతురు ఆగినా వీధి సర్దుకున్నది. అదే వీధిలో మా పిల్లోడు బ్యాంకు లోను తెచ్చుకుని రెండు గదులు కట్టుకుంటానంటే మాత్రం సర్దుకోదు. "నీకు అమ్మం" అని ఎవరూ మొహాన చెప్పరు. "అన్నదమ్ముల పంపకాలు తేలలేదబ్బా" అంటారు. "వాస్తు బాగలేదు, నీకు కలిసిరాదు" అంటారు. నెల తిరక్కముందే ఆ జాగా ఇంకొకరికి రిజిస్టరవుతుంది.

అయ్యా, మేడ ఇమిడిన వీధిలో మనిషెందుకు ఇమడడు?

ప్రభుత్వాలేం తక్కువ తినలేదు. మాలపల్లె, మాదిగవాడ, హరిజనవాడ, దళితవాడ, ఎస్సీ కాలనీ... బోర్డు మారింది, చోటు మారలేదు. 2020లో ఇచ్చిన సెంటున్నర పట్టాలూ చాలాచోట్ల ఊరి చివర పొలాల్లోనే.

చదువుకుంటే, ఉద్యోగమొస్తే కులం పోతుందని మాకు నీతులు చెబుతారు. కొలంబియాలో చదివి 1917లో బరోడా కొలువుకొచ్చిన అంబేద్కర్‌కు ఉండడానికి గది దొరకలేదు. పేరు మార్చుకుని పార్శీ సత్రంలో దిగితే కర్రలతో వచ్చి వెళ్ళగొట్టారు. అంతకంటే పెద్ద చదువు మేమెక్కడ తేవాలి?

నేలటూరు కేంద్రానికి దామోదరం సంజీవయ్య పేరు పెట్టారు. 1960లో ముఖ్యమంత్రి అయిన తొలి దళితుడాయన. ఆయన పేరున పుట్టిన కరెంటు ఏ వీధిలోనైనా వెలగొచ్చు. ఆయన బిడ్డల ఇంటి దీపం మాత్రం ఊరి నడుమ వెలగగూడదా?

దళితుణ్ణి ఇల్లూ ఊరూ విడిచి పోయేట్టు చేస్తే నేరమని 1989 అత్యాచారాల నిరోధక చట్టం చెబుతోంది. అసలు ఇల్లే కట్టుకోనివ్వకపోతే విడిచిపోయేదేముంది?

మేం జాలి అడగడం లేదు. డబ్బిచ్చి కొంటామంటున్నాం. ప్రభుత్వాన్ని అడిగేదొక్కటే: మాకు స్థలాలివ్వాలంటే పొలాలు వెతకడం మాని, ఊళ్ళో పాడుబడ్డ జాగాలు కొనివ్వండి. గ్రామకంఠంలో ఖాళీ ఉంటే ముందు మాకు పట్టా ఇవ్వండి.

మన వాళ్ళకూ ఒక మాట. ఒక్కడిగా పోతే బెదిరిస్తారు. మాల, మాదిగ, యానాది తేడా లేకుండా నలుగురం కలిసి పోవాలి. ఒకరు పునాది తీసే రోజు సంఘమంతా అక్కడుండాలి. వాడకు సిమెంటు రోడ్డేసి చేతులు దులుపుకుంటే ఒప్పుకోం. ఊరి వీధిలో మన గడప లేవాల్సిందే.

జై భీమ్!