రోమను అంకెలు – పసిపిల్లలు

ఇటీవల మేమొక మిత్రుని యింట నుండగా, వారి యెనిమిదేండ్ల బాలిక రోమను అంకెలను వల్లె వేయుచుండెను. “ఐ ఒకటి, వి అయిదు, ఎక్స్ పది” యని తడబాటు లేక చదువుచుండగా తల్లిదండ్రుల సంతోషమునకు మేర లేదు. మేము ఐ అను గుర్తును రెండుమారులు పక్కపక్కన వ్రాసి, యిది యెంత యని యడిగితిమి. బాలిక కొంత యాలోచించి “పదకొండు” అనెను. “రెండు కదే!” యని తల్లి కసరెను. మాకు మాత్ర మా బిడ్డయందు తప్పు గానరాలేదు. రెండు నిలువుగీతలు పక్కపక్క నున్న పదునొకండని నేర్పినవారము మనమే. నేడవి రెండనుచున్నాము. కారణము చెప్పినవా రెవరు?

పొరపాటు చిన్నదే కాని, లోపము చిన్నది కాదు. మన అంకెల ప్రాణమంతయు స్థానమునం దున్నది. 11లో కుడి ఒకటి ఒకటే; ఎడమ ఒకటి పది. చింతగింజలను పదేసి కుప్పలుగా పోసి, విప్పి, మరల పోసిననే గాని యీ మర్మము పసిమనసున నాటదు. అది యిప్పుడిప్పుడే నాటుకొనుచున్న వేళ, స్థానమున కట్టి విలువ లేని వేరొక పద్ధతిని తెచ్చి నెత్తిన రుద్దుట వివేకమా? మన లెక్కలో 888 కంటె 1000 పొడవైనది. రోమను వ్రాతలో 888కి పండ్రెండక్షరములు, 1000కి ఒక్కటే!

పోనీ, హేతువు చెప్పి నేర్పుచున్నామా? నూటికి గుర్తు సి గదా, దాని ముందొక ఐ నుంచిన 99 కాదా యని యడిగిన బిడ్డకు “అలా వ్రాయకూడదు” అనుటయే మన యుత్తరము. ఈ తీసివేత నియమమును రోమనులే యేకరీతిగా పాటింపలేదు. రోము నగరమందలి కొలోసియము 44వ ద్వారముపై నాలుగును నాలుగు గీతలుగనే చెక్కిరి. గోడగడియారములు పెక్కింటిపై నేటికిని నాలుగు గీతలే యున్నవి. వానిని జూచి వ్రాసిన బాలునికి సున్న మార్కులు వేయుట యే న్యాయము?

గడియారము చూచుటకు, తరగతుల పేర్లు, పుస్తకముల ప్రకరణములు చదువుటకు నివి వలయునని కొంద రందురు. వలయును, మేము కాదనము. అందులకు పండ్రెండు గుర్తులు చాలును, ఒక పూట చాలును. వేయివరకు పట్టికలు కంఠస్థము చేయింప నేల?

మేము కోరునది బహిష్కారము కాదు, కాలౌచిత్యము. స్థానమర్మము గ్రహించిన పిమ్మట, పది పదునొకండేండ్ల వయసున, 38ని 24చే రోమను వ్రాతలోనే హెచ్చింపుమని బిడ్డ కిచ్చి చూడుడు. చేయలేక నవ్వును. రోమనులు గులకరాళ్లతో లెక్కించి, ఫలితమును మాత్రమే యక్షరములతో వ్రాసికొనిరని యప్పుడు చెప్పుడు. 628లో బ్రహ్మగుప్తుడు సున్నకు గణితనియమములు వ్రాసెననియు, 1202లో పీసా నగరపు లియొనార్డో భారతీయుల తొమ్మిది గుర్తులను, సున్నను తన గ్రంథమున వివరించెననియు చెప్పుడు. 1299లో ఫ్లారెన్సు నాణెపు మారకపు వర్తకుల సంఘము తమ పద్దుపుస్తకములలో నా క్రొత్త అంకెలను నిషేధించెను. నిషేధము నిలువలేదు, సున్న నిలిచెను. అట్లు నేర్పినచో రోమను అంకె భారము గాక, మన అంకెల మహిమను చూపు నద్దమగును.

ఒక్కమాట చెప్పి విరమింతుము. ఆ బాలికయే తాతగారి పాత భారతమును తెరచి, పుట యడుగున ౪౭ అను గుర్తులను జూచి “ఇవేమిటి?” అనెను. మహావీరాచార్యుని గణితసారసంగ్రహమును పావులూరి మల్లన తెనిగించిన నేల యిది! దూరదేశపు ద్వారములపై చెక్కిన అంకెలను బిడ్డకు నేర్పుటకు త్వరపడు తల్లిదండ్రులారా, ఇంటి యటకపై నున్న పుస్తకమందలి అంకెలను ముందు నేర్పుడు. అవి పది గుర్తులే; వానియందు సున్నయు గలదు.