స్కూటర్లో యురేనియం పోయలేం కదా!

పెట్రోలు ధర పెరిగిన ప్రతిసారీ మనింట్లో మొదట కోత పడేది కూరగాయల సంచీకే. దేశానికి కావలసిన ముడి చమురులో 85 శాతానికి పైగా బయటినుంచే వస్తోంది. అది ఎల్లకాలం దొరికేదీ కాదు. అందుకే అణువిద్యుత్తు మాట మళ్ళీ గట్టిగా వినిపిస్తోంది. పొగ రాదు, వానలు పడకపోయినా ఆగదు. నిజమే. మరి దానికి కావలసిన యురేనియం ఎక్కణ్ణుంచి తేవాలి?

శ్రీశైలం బస్సులో మన్ననూరు చెక్‌పోస్టు దాటిన వాళ్ళకి ఆ అడవి తెలుసు. అది అమ్రాబాద్ పులుల అభయారణ్యం. అక్కడ 83 చదరపు కిలోమీటర్లలో యురేనియం అన్వేషణకు 2019 మే నెలలో కేంద్ర అటవీ సలహా కమిటీ సూత్రప్రాయంగా ఒప్పుకుంది. నాలుగు వేల బోర్లు వేయాలన్నది ప్రతిపాదన. తవ్వడం కాదు, చూడటమే అన్నారు. చూడ్డానికైనా రిగ్గు రావాలి, రిగ్గుకి దారి కావాలి, దారికి చెట్టు పోవాలి! చెంచులు, చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు రోడ్డెక్కారు. ఆ సెప్టెంబరులోనే తెలంగాణ శాసనసభ తవ్వకాలు వద్దని తీర్మానించింది.

అసలు భయం నీళ్ళ గురించి. కడప జిల్లా తుమ్మలపల్లెలో గని వ్యర్థాల చెరువు వల్ల బోరునీళ్ళు చెడిపోయాయని రైతులు ఏళ్ళ తరబడి మొత్తుకుంటున్నారు. సంస్థేమో కాదంటోంది. నల్లమల వాగులు కృష్ణలో కలుస్తాయి. హైదరాబాదు కుళాయిల్లోకి వచ్చే నీళ్ళలో కృష్ణ నీళ్ళూ ఉన్నాయని మరిచిపోకూడదు.

ఇంకో సంగతి. మన దేశంలో చమురుతో తయారయ్యే కరెంటు లెక్కలోకి రానంత తక్కువ. చమురు కావలసింది స్కూటర్లకీ, లారీలకీ. బళ్ళన్నీ కరెంటుతో నడిచేదాకా యురేనియం తీర్చేది బొగ్గు లోటునే గాని పెట్రోలు లోటుని కాదు. అదైనా ఎంత? దేశంలో వాడే కరెంటులో అణువిద్యుత్తు వాటా మూడు శాతం దాకానే.

అదే అడవి అంచున శ్రీశైలం ఎడమగట్టు కేంద్రం ఉంది, 900 మెగావాట్లది. కరెంటు మిగిలినప్పుడు నీళ్ళని వెనక్కి తోడుకునే ఏర్పాటు కూడా దానిలో ఉంది. పగటి ఎండ కరెంటుని రాత్రికి దాచుకునే దారుల్లో ఇదొకటి. జలవిద్యుత్తూ ఊరికే రాలేదు లెండి. జలాశయం కింద ఊళ్ళకి ఊళ్ళే మునిగాయి. 2020 ఆగస్టులో ఆ కేంద్రంలోనే మంటలు రేగి తొమ్మిదిమంది పోయారు. అయినా కట్టేసిన దాన్ని బాగా వాడుకోవడం, కొత్తగా అడవిని తవ్వడం కన్నా నయమని నాకనిపిస్తుంది. యురేనియం ఇప్పటికే కజకిస్థాన్ వంటి చోట్లనుంచి కొన్నాం కూడా.

శాసనసభ తీర్మానం ఉంది గాని, అణు ఖనిజాల మీద పెత్తనం కేంద్రానిదే. అటవీ హక్కుల చట్టం వచ్చింది 2006లో. మళ్ళీ ఫైలు కదిలితే మొదట అడగవలసింది చెంచుపెంటల గ్రామసభలని, అందులో ఆడవాళ్ళనీ.