ఇంటి ముచ్చట్లు: మూగజీవి చల్లబడినప్పుడు



మా విరూర్‌లో మేముండే వీధిలో కుక్క లేని యిల్లు అరుదు. ఇంట్లో తెలుగు, గడప దాటితే మరాఠీ. మా కుక్కలకు రెండూ వచ్చు. ఈ నెల ముచ్చట వాటి గురించే.

కొన్నేళ్ళ క్రిందట మా రాజాను వొక మోటారు సైకిలు గుద్దింది. రక్తం చుక్కైనా కనబడలేదు. లేచి నాలుగడుగులు వేసి అరుగు పక్కన పడుకున్నది. "ఏమీ కాలేదులే, బెదిరిందంతే" అన్నాను మా ఆవిడతో. ఆమె పాలు పెడితే ముట్టలేదు. "నాన్నా, దీని చెవులు చల్లగా వున్నాయి" అన్నది మా చిన్నది. చలికాలం గదా అని నేను ఆఫీసు కాగితాలలో తల దూర్చాను. తెల్లవారేసరికి రాజా లేదు.

దానినే షాకు అంటారని తరువాత పశువుల డాక్టరుగారు చెప్పారు. ఇది కరెంటు షాకు కాదు, వుత్త బెదురూ కాదు. లోపల రక్తం కారడం వల్లనో, పాముకాటు వల్లనో, ఆగని వాంతులు విరేచనాల వల్లనో అవయవాలకు చాలినంత రక్తం అందదు. ఉన్న రక్తాన్ని శరీరం లోపలి భాగాలకు మళ్ళించుకుంటుంది. అందుకే చెవులు, పాదాలు చల్లబడతాయి. పిల్ల చెప్పినదే అసలు గుర్తు!

మరి కొన్ని గుర్తులు: పెదవి ఎత్తి చిగురు చూడండి. లేత గులాబీ రంగు పోయి పాలిపోయి వుంటుంది. వేలితో నొక్కి వదిలితే 2 సెకన్లలోపల రంగు తిరిగి రావాలి, రాకపోతే ప్రమాదం. తొడ లోపలి నాడి వడివడిగా, బలహీనంగా కొట్టుకుంటుంది. పిలిస్తే సరిగా పలకదు.

అప్పుడు రక్తం కారుతుంటే శుభ్రమైన గుడ్డతో అదిమి పట్టండి. దుప్పటి కప్పండి. పలక మీద పడుకోబెట్టి, ఎక్కువ కదల్చకుండా వెంటనే డాక్టరు దగ్గరకు తీసుకుపోండి. నొప్పిలో పెంచినవారినైనా కరవవచ్చును, జాగ్రత్త. నోట పాలు, నీళ్ళు పోయకండి. మన మాత్రలు అసలే వద్దు. పారాసిటమాల్ పిల్లికి విషం. పశువైద్య సహాయానికి ఫోను నెంబరు 1962.

వడదెబ్బకు మాత్రం దుప్పటి కప్పరాదు. మా చంద్రపూర్ జిల్లాలో మే నెల యెండ 46 డిగ్రీలకు చేరే రోజులుంటాయి. అప్పుడు ముందుగా నీడకు చేర్చి, వొళ్ళంతా నీళ్ళతో తడిపి, విసురుతూ తీసుకువెళ్ళాలి.

మీ జంతువు క్షేమంగా వున్నప్పుడే దాని చిగురు రంగు చూసి గుర్తుంచుకోండి. తేడా వస్తే తెలుస్తుంది.

మొన్న పక్కింటి పిల్లికి దెబ్బ తగిలింది. మా చిన్నది పెదవి ఎత్తి చూసి, దుప్పటి చుట్టి, పక్కింటాయనను ఆటో పిలవమన్నది. పిల్లి బ్రతికింది. నేను యింట్లోనే వున్నాను. నన్ను మాత్రం పిలవలేదు. అడగడానికి నాకు నోరు రాలేదు.