ఈ ఫ్లాపు వేరు!

జైనూర్ నుంచి ఓ తమ్ముడు ఉత్తరం రాశాడు. "అన్నా, ఇంగ్లీషు సినిమాలల్ల చూసి ఒమాహా పోకర్ నేర్చుకుంటున్న. ఫ్లాప్ పడ్డంక ఏం చెయ్యాలె?" అని. ఇంకో మాటా రాశాడు. అది చివర్లో!

ఇది సినిమా ఫ్లాపు కాదు సుమండీ! చేతికి నాలుగు ముక్కలిచ్చి, కింద మొదట పరిచే మూడింటినీ ఫ్లాప్ అంటారు. తర్వాత ఇంకో రెండు పడతాయి. చివరికి చేతిలోవి సరిగ్గా రెండు, కిందవి మూడు కలపాలి.

కింద మూడూ ఇస్పేట్లే. మన చేతిలో ఇస్పేటు ఆసు ఒక్కటే ఉంది. విజిలేద్దామా? ఆగండి! రెండో ఇస్పేటు లేనిదే ఫ్లష్ లేదు.

పైగా ఎదుటివాడి నాలుగు ముక్కల్లో ఆరు జతలుంటాయి. అందుకే ఇక్కడ 'ఫరవాలేదు' అనిపించే చెయ్యే ముంచుతుంది. అన్నిటికన్నా పెద్ద చెయ్యి అయ్యే దారి ఉంటేనే నిలబడాలి. లేదా, పడెయ్యాలి. మన రమ్మీలో డ్రాప్ లాగే... మొదట్లో దిగితే 20, మధ్యలో 40, మొండికేస్తే 80 దాకా!

'కులగోత్రాలు' (1962)లో పేకాట పాటకి పడీపడీ నవ్వినవాణ్ణే. అయినా ఓ దీపావళి రాత్రి నెల సంపాదనంతా పోగొట్టుకున్నాను. "ఇంత పెట్టాం కదా, ఇంకాస్త..." అనుకోవడమే కొంప ముంచింది.

రమ్మీ నైపుణ్యం ఉన్న ఆటేనని 1967లో ఆంధ్రప్రదేశ్ కేసులోనే సుప్రీంకోర్టు అంది. నైపుణ్యం ఉన్నా డబ్బు పందెం కూడదని 2017లో తెలంగాణ చట్టం మార్చింది. చింతగింజలతో ఆడుకో తమ్ముడూ!

అన్నట్టు, ఆ చివరి మాట: "ఫీజు పైసలు చేతిలనే ఉన్నయ్." ఆ ముక్క మాత్రం కింద పరచకు!