పేరు మనది, అడ్రసు రౌటరుది

ఉద్యోగాలకని హైదరాబాదో బెంగళూరో చేరిన మనలో చాలామందికి ఊళ్ళో ఇంకో ఉద్యోగం కూడా ఉంటుంది. ఇంటి కంప్యూటరుకి సిస్టం అడ్మిన్! జీతం రాదు, ఫోన్లు మాత్రం వస్తాయి. మాది రామచంద్రపురం. ఇంట్లోవాళ్ళ ఫొటోలు, పొలం పాసుపుస్తకం స్కాన్లు అన్నీ నాన్నగారి లినక్సు డబ్బాలోనే ఉంటాయి. మిగతావాళ్ళు లాప్‌టాప్ నుంచి వాటిని తెరుస్తారు.

ఇలాంటిచోట మనవాళ్ళు మామూలుగా ఇచ్చే సలహా "192.168.1.5 అని కాగితం మీద రాసి అతికించండి, చాలు" అని. నాకీ సలహా అస్సలు నచ్చదు. ఆ అంకె మనది కాదు కదండీ. డీహెచ్‌సీపీలో రౌటరు దాన్ని కొన్నాళ్ళకి అద్దెకిస్తుంది, అంతే. కరెంటు పోయొచ్చాకో, రౌటరు మార్చాకో ఇంకోటి ఇవ్వొచ్చు. అప్పుడు అవస్థ పడేది సెటప్ చేసేసి బస్సెక్కిన మనం కాదు, ఇంట్లో ఉన్నవాళ్ళు.

2022 ఏప్రిల్లో రామచంద్రపురం తూర్పు గోదావరి నుంచి కోనసీమ జిల్లాలోకి వచ్చింది. అడ్రసులో జిల్లా మారింది గానీ ఊరి పేరు మారలేదు. కంప్యూటరు కూడా అలాగే ఉండాలంటాను.

పని చిన్నదే. హోస్ట్‌నేమ్‌సీటీఎల్ కమాండుతో డబ్బాకి "నాన్న-పీసీ" లాంటి పేరు పెట్టండి. ఇంగ్లీషు అక్షరాలు, అంకెలు, మధ్యలో హైఫన్. అండర్‌స్కోర్ వద్దు. పేరు పెట్టకుండా "లోకల్‌హోస్ట్" అనే వదిలేస్తే, డీహెచ్‌సీపీ ఇచ్చిన పేరుని నెట్‌వర్క్ మేనేజర్ తగిలించేయొచ్చు. హోస్ట్స్ ఫైల్లో ఆ పేరు ఎదురుగా ఇవాళ్టి ఐపీ రాయకండి. డెబియన్, ఉబుంటుల్లో అక్కడ ఉండేది 127.0.1.1. అడ్రసు ఎన్నిసార్లు మారినా దానికి పట్టదు. ఈ లైను మర్చిపోతే సుడో కొట్టినప్పుడల్లా "హోస్ట్ దొరకలేదు" అని సణుగుతుంది. ఇక అవాహీ ఉంటే ఇంట్లో మిగతా మెషీన్లు "నాన్న-పీసీ.లోకల్" అని పిలవొచ్చు. ఉబుంటు డెస్క్‌టాప్‌లో అది మామూలుగా ముందే ఉంటుంది. అయితే ఇది ఆ ఇంటి నెట్‌వర్క్ వరకే, హైదరాబాదు నుంచి పిలిస్తే పలకదు.

ఒకే పేరు రెండిటికి పెట్టకండి. హైదరాబాదులో బీహెచ్ఈఎల్ పక్కన ఇంకో రామచంద్రపురం ఉంది కాబట్టి, ఏ ఊరంటే రెండు ముక్కలు చెప్పుకోవాల్సిన బాధ మాకు బాగా తెలుసు. అవాహీ అయితే రెండోదానికి చివర "-2" తగిలిస్తుంది. ఏది ఎవరిదో ఇంట్లోవాళ్ళకి ఎలా తెలుస్తుంది?

"రౌటర్లోనే రిజర్వేషన్ పెడితే పోలా?" అనొచ్చు మీరు. పెట్టుకోండి, మంచిదే. కానీ రౌటరు మారిన రోజు అదీ దాంతోపాటే పోతుంది. పేరు మెషీన్లోనే ఉంటుంది. ఆఫీసులో క్లస్టరు నోడ్ల సంగతి వేరు. అక్కడ 127.0.1.1 పెడితే హడూప్ లాంటివి తమలో తామే మాట్లాడుకుంటూ కూర్చుంటాయి. వాటికి స్థిరమైన ఐపీ, సరైన డీఎన్ఎస్ ఉండాల్సిందే.

ఇంటికి మాత్రం పేరే చాలు. అమ్మానాన్నల చేత ఐపీలు బట్టీ పట్టించడం సాయం కాదండీ, మన పని వాళ్ళ నెత్తిన పెట్టడం.